ఐదో ఆల్టర్నేటర్ కొనబోయే ముందు ఆ నాలుగూ విప్పు తమ్ముడూ

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదవనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తా. బండి డీఐ డీజిలు ఇంజను మహీంద్రా జీపు. వారమంతా అల్లూరు పక్కన రొయ్యల గుంటల గట్ల మీద తిరుగుడు, ఆదివారమైతే పెంచలకోన వైపో ఉదయగిరి వైపో కొండదారి. ముందు బంపరుకి 9,500 పౌండ్ల వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), పైన 180 వాట్ల ఎల్‌ఈడీ బారు, కింద నాలుగు 55 వాట్ల హాలోజన్లు, టైర్లకి గాలి కొట్టే కంప్రెసరు, సీటు కింద రెండో బ్యాటరీ, బ్యాటరీని విడగొట్టే ఒక కటాఫ్ స్విచ్చి. బాడీ రెండంగుళాలు లేపించావు, మీటర్ల బోర్డు కూడా కొత్తది వేయించావు. 14 నెలల్లో నాలుగు ఆల్టర్నేటర్లు (ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేవి) పోయాయి. ఒకాయన "డూప్లికేట్ మాలు అబ్బయా" అన్నాడు, ఇంకొకాయన "చిన్నది ఆగదు, పెద్దది వెయ్" అన్నాడు. ఇప్పుడు పాత సామాన్ల కొట్లో ఏదో పెట్రోలు కారుది 120 ఆంపియర్లది చూసుకొని, వెయ్యనా అన్నా అని అడుగుతున్నావు.

వెయ్యొద్దు. దానికి కారణం బ్రేకుల్లో ఉంది, కింద చెప్తా.

నాలుగు పాత ఆల్టర్నేటర్లూ ఎరువు సంచిలో కట్టి పాకలో పడేశానని రాశావు చూడు, ఈ 14 నెలల్లో నువ్వు చేసిన మంచి పని అదొక్కటే. మామూలుగా ఎవరైనా పాతది కొట్లో ఇచ్చి, దాని రాగి ధర తగ్గించుకొని కొత్తది తెచ్చుకుంటారు. పోయినది దేనివల్ల పోయిందో చెప్పగలిగేది ఆ పోయిన సామానే. అది చేతిలో లేకపోతే నేనైనా ఇంకెవరైనా చెప్పేది సోదే. నెల్లూరులో ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నా. నాలుగు పోయాయంటే అందరూ ఒకే కారణం వెతుకుతారు. నువ్వు ఒక్కోదాని గురించి రాసిన తీరు చూస్తే, నీ బండిలో ఒక కారణం లేదు, నాలుగున్నాయి.

మొదటిది. "కొత్త మీటర్ల బోర్డు వేసిన వారానికే ఛార్జింగ్ ఆగిపోయింది, తాళం తిప్పితే ఎర్రలైటు కూడా సరిగ్గా వెలగలేదు" అన్నావు. నా అనుమానం, అది అసలు పోనే లేదు. తాళం తిప్పగానే వెలిగే ఆ ఎర్ర బ్యాటరీ లైటు మనకు కనిపించడానికి పెట్టిందని అనుకుంటారు. ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్ అయస్కాంతంగా మారాలంటే మొదట బయటినుంచి కాస్త కరెంటు కావాలి. పాత తరహా వైరింగులో ఆ కరెంటు వచ్చేది ఈ బల్బు గుండానే. రెండు మూడు వాట్ల ఫిలమెంటు బల్బైతే పావు ఆంపియరు దాకా వదులుతుంది, చాలు. దాని స్థానంలో చిన్న ఎల్‌ఈడీ పెడితే పోయేది మిల్లీ ఆంపియర్లలో. రోటర్ మేలుకోదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే లోపల మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంతంతో ఒక్కోసారి లేస్తుంది, లేకపోతే లేదు. మనవాళ్ళేమో "డైనమో పోయింది" అంటారు.

దాన్ని బయటికి తియ్. వెనక సన్నని వైరు వచ్చే టెర్మినల్ ఉంటుంది, కొన్నిటి మీద ఎల్ అని, కొన్నిటి మీద డీ ప్లస్ అని రాసుంటుంది. బల్ల మీద బిగించి తిప్పే ఏర్పాటున్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోయి, బ్యాటరీ ప్లస్ నుంచి 3 వాట్ల బల్బు గుండా ఆ టెర్మినల్‌కి వైరిచ్చి తిప్పమను. 14 వోల్టులు వచ్చిందంటే నువ్వు మంచి సరుకును సంచిలో కట్టావన్నమాట. బండిలో మందు కూడా అంతే చవక. మీటర్ల బోర్డులో ఆ ఎల్‌ఈడీకి పక్కనే (ప్యారలల్‌గా) ఒక 3 వాట్ల బల్బు గానీ, 47 ఓముల 5 వాట్ల రెసిస్టరు గానీ కలిపితే సరి. రెసిస్టరు వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కి తగలకుండా కట్టించు.

రెండోది వించ్ వాడిన మర్నాడు పోయింది, విప్పినాయన "డయోడ్ ప్లేటు కాలింది" అన్నాడని రాశావు. డయోడ్లంటే లోపల పుట్టే ఏసీని డీసీగా మార్చేవి. ఇక్కడ నిన్నొకటి అడగాలి. బండి బురదలోంచి లాగాక, వించ్ వైర్లు వేడిగా ఉన్నాయనో, జాగ్రత్త కోసమనో, ఇంజను తిరుగుతుండగానే కటాఫ్ స్విచ్చి తిప్పావా? నువ్వు కాకపోతే నీతో వచ్చినవాళ్ళు? తిప్పే ఉంటారు. పెట్రోలు బండైతే కొన్నిటిలో ఆ స్విచ్చితో ఇంజనే ఆగిపోతుంది, జరిగిన తప్పు అప్పుడే తెలిసిపోతుంది. నీది డీజిలు. డీజిలు పంపు తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ ఉన్నా లేకపోయినా ఇంజను నడుస్తూనే ఉంటుంది. అందుకే ఏమీ కాలేదనుకుంటాం.

లోపల అయ్యేది వేరు. వించ్ లాగినాక బ్యాటరీ నీరసంగా ఉంటుంది, ఆల్టర్నేటర్ తన దగ్గరున్నదంతా దానిలోకి తోస్తుంటుంది. కాలువ నిండుగా పారుతున్నప్పుడు తూము ఒక్కసారిగా మూసేస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి, గట్టెక్కి పొర్లుతాయి. అట్టాగే, బ్యాటరీ ఉన్నట్టుండి తప్పుకుంటే రోటర్‌లోని అయస్కాంతం ఆ క్షణంలో తగ్గిపోదు. ఛార్జింగ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటరు చూసి కట్ చేసేలోపు వోల్టేజి 14 నుంచి పదుల్లోకి, ఒక్కోసారి 80, 100 దాకా లేస్తుంది. సెకనులో చిన్న భాగం మాత్రమే. డయోడ్లకీ రెగ్యులేటరుకీ ఆ కాస్త చాలు. అప్పటికప్పుడు చావకపోవచ్చు, దెబ్బతిని మర్నాడో వారానికో పోతుంది. అందుకే కారణానికీ ఫలితానికీ లంకె కుదరదు.

స్విచ్చి తిప్పలేదని నువ్వు ఒట్టేసి చెప్తే, బ్యాటరీ టెర్మినళ్ళు చేత్తో కదిపి చూడు. రాళ్ళదారిలో బ్యాటరీ ట్రేలో ఊగుతుంటే, వదులైన క్లాంపు ఆ తప్పునే గంటకి వందసార్లు చేస్తుంది. ఇంకొకటి, వించ్ బంపరు బండి మీదే వెల్డింగ్ చేయించావేమో గుర్తు తెచ్చుకో. బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు ఊడదీయకుండా వెల్డింగ్ పెడితే కూడా డయోడ్లే పోతాయి.

కటాఫ్ స్విచ్చి మీద నా పద్ధతి, దాని పిడికి ఎర్ర రిబ్బను కట్టి "ఇంజను ఆగాకే" అని రాసిపెడతా. ఇంజను తిరుగుతుండగా తిప్పినా ఆల్టర్నేటర్‌ని కూడా కలిపి కట్ చేసే రకం స్విచ్చీలు, రేసు బళ్ళకి వాడేవి ఉన్నాయి. రిబ్బను చవక.

మూడోదాని ఫొటో చూసి నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. కార్బన్లు (రోటర్‌కి కరెంటు అందించే బ్రష్షులు) నల్లటి జావలో మునిగున్నాయి. "గుంటల బురద లోపలికి పోయింది" అని నీ మెకానిక్ తీర్పు. బురద ఎండితే బూడిదరంగులో పెళ్ళలు కడుతుంది, ఉప్పునీళ్ళైతే తెల్లగా, పచ్చగా పూస్తుంది. ఇది నిగనిగలాడుతోంది. వేలితో రుద్ది వాసన చూడు, ఇంజను ఆయిలు.

నీ ఆల్టర్నేటర్ వెనక ఇంకో చిన్న పంపు అంటించి ఉంది గమనించావా, దానికి సన్న ఆయిల్ పైపొకటి వస్తుంది, లావు రబ్బరు గొట్టమొకటి కిందికి పోతుంది, ఒక వాక్యూమ్ గొట్టం బ్రేకు తొక్కుడు తేలిక చేసే బూస్టరుకి పోతుంది. డీజిలు ఇంజను పెట్రోలుదాని మాదిరి గాలి పీల్చి వాక్యూమ్ పుట్టించదు కాబట్టి బ్రేకుకి ఈ పంపు కావాలి. పంపుకి వచ్చిన ఆయిలు ఆ లావు గొట్టం గుండా తనంతట తానే కిందికి జారి ఇంజను ఆయిల్ ఛాంబర్‌లోకి పోవాలి. వెనక తోసేదేమీ లేదు, పల్లానికి పారడమే. నీ ఫొటోలో ఆ గొట్టం బాడీ లేపిన చోట కొత్త బ్రాకెట్టు కిందినుంచి మెడ విరిచినట్టు మడతపడి ఉంది. ఆయిలు కిందికి పోలేదు, పైకి నిండింది, షాఫ్టు సీలు దాటి ఆల్టర్నేటర్ లోపలికి వచ్చింది. కార్బన్ పొడి, ఆయిలు కలిస్తే జిగురు. కార్బన్లు వాటి గూళ్ళలో ఇరుక్కొని రాగి రింగుల్ని తాకడం మానేస్తాయి. ఛార్జ్ వస్తుంది, పోతుంది, చివరికి రాదు.

కొత్త గొట్టం వేయించు, ఆయిలు తట్టుకొనే రకం. మామూలు నీళ్ళ గొట్టం వద్దు, నెలల్లో ఉబ్బి లోపలే మూసుకుంటుంది. మడత లేకుండా, ఎక్కడా పైకి లేవకుండా, ఏకంగా కిందికి దిగాలి. ఇంజనులో గ్యాసు ఎక్కువైనా ఇదే జరుగుతుంది కాబట్టి ఆ గ్యాసు బయటికి పోయే బ్రీదరు పైపు కూడా ఊది చూడు.

ఆ 120 ఆంపియర్లది వద్దని ఇందుకే అన్నా. పెట్రోలు కారు ఆల్టర్నేటర్‌కి వెనక ఈ పంపు ఉండదు. అది బిగించి ఉదయగిరి కొండ దిగితే రెండో తొక్కుడుకో మూడో తొక్కుడుకో బ్రేకు రాయైపోతుంది. ఛార్జింగ్ లేకపోతే బండి ఆగిపోతుంది, అంతే. బ్రేకు లేకపోతే బండి ఆగదు.

నాలుగోది కాలిన వాసన కొట్టిందన్నావు. దాన్ని విప్పి స్టేటర్ వైండింగ్ (రోటర్ చుట్టూ కదలకుండా ఉండే రాగి తీగల చుట్టలు) చూడు. మూడు గుంపుల తీగలుంటాయి. ఒక గుంపో రెండో నల్లబడి మిగతావి రాగిరంగులోనే ఉంటే, ఎక్కడో డయోడు షార్టయి దాని వంతు తీగలే కాలాయి. మొత్తం చుట్టూ ఒకే తీరుగా మాడితే మాత్రం ఆల్టర్నేటర్ తప్పు కాదు, దానిచేత మొయ్యలేని బరువు మోయించావు. నీ లెక్క చూస్తే ఈ బరువు సంగతే అయ్యుంటుంది.

లెక్కేంటో చెప్తా. హెడ్‌లైట్లు రెండూ 120 వాట్లు, బారు 180, హాలోజన్లు 220. మొత్తం 520. పదమూడున్నరతో భాగిస్తే 38 ఆంపియర్లు పైచిలుకు. కంప్రెసరు ఆన్ చేస్తే ఇంకో 30. నీ ఆల్టర్నేటర్ ప్లేటు మీద 45 ఆంపియర్లు అని ఉందన్నావు. ఆ 45 ఎప్పుడు వస్తుంది? ఆల్టర్నేటర్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు. ఇంజను స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంటే పుల్లీ లెక్కన అది 1,600, 1,800 దగ్గర తిరుగుతుంది, వచ్చేది ఆ 45లో మూడో వంతో, మహా అయితే సగమో. రాత్రిపూట గుంటల గట్టు మీద బండి స్లోలో పెట్టి, లైట్లన్నీ వేసి, మేత చల్లే కుర్రాళ్ళకి వెలుగు చూపిస్తావని రాశావు. ఆ పూటంతా బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంది, ఆల్టర్నేటర్ పీకల్దాకా పనిచేస్తూనే ఉంది. దాని ఫ్యాను కూడా ఇంజనుతో పాటే నిదానంగా తిరుగుతుంది. పని ఎక్కువ, గాలి తక్కువ. రోహిణి కార్తెలో బానెట్ కింద వేడెంతుంటుందో నీకు చెప్పాలా.

వించ్ సంగతి వేరు. గట్టిగా లాగేటప్పుడు అది 400 ఆంపియర్లకి పైగా తింటుంది, అది ఏ ఆల్టర్నేటర్ వల్లా కాదు, బ్యాటరీ ఇచ్చేదే. ఒక్క నిమిషం లాగితే బ్యాటరీలోంచి ఏడు ఆంపియర్-అవర్ల దాకా పోతుంది. స్లోలో మిగిలే పది ఆంపియర్లతో దాన్ని పూడ్చాలంటే ముప్పావుగంట. లాగడం అయిపోయిందని లైట్లేసుకొని పాటలు పెట్టుకొని కూర్చోకుండా, లైట్లార్పి ఇంజను నిమిషానికి 1,500 చుట్ల మీద కాసేపు ఉంచు.

అయినా వీటన్నిటికన్నా నాకు ఎక్కువ అనుమానం సీటు కింద బ్యాటరీ మీద. అది పాతదని, ముందుదానికి నేరుగా వైరేసి కలిపానని రాశావు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులు. ఒకటి చచ్చిందంటే అది పదిన్నర వోల్టుల బ్యాటరీ అయిపోతుంది. ఆల్టర్నేటర్‌కి అది తెలియదు, 14కి తెచ్చేదాకా తోస్తూనే ఉంటుంది, అది ఎప్పటికీ రాదు. అడుగు లేని కుండలో నీళ్ళు పోసినట్టు. రాత్రి బండి ఆపాక మంచి బ్యాటరీ కూడా దీనిలోకి కారిపోతుంది. పొద్దున్నే మళ్ళీ మొదలు. ఇట్టాంటి బండికి నువ్వు పది ఆల్టర్నేటర్లు మార్చినా పదీ మాడతాయి.

రెండు బ్యాటరీలూ విడదియ్. విడివిడిగా నిండా ఛార్జ్ పెట్టించి ఒక రాత్రి ఊరికే ఉంచు. పొద్దున 12.6 దగ్గరుంటే మంచిదే, 12.2 అంటే సగమే నిలిచింది, పదిన్నర పదకొండు అంటే సెల్లు పోయింది. మూతలున్న బ్యాటరీ అయితే ఆసిడ్ సాంద్రత చూసే హైడ్రోమీటరు పెట్టించు. ఆరు సెల్లులూ 1.260, 1.280 మధ్య ఉండాలి, ఒకదానికీ ఇంకొకదానికీ 0.050 మించి తేడా ఉంటే ఆ బ్యాటరీ పాత సామాను వాడికే. తర్వాత రెండింటినీ నేరుగా కలపకు. వోల్టేజి చూసి తనే కలిపే రిలే దొరుకుతుంది, సుమారు 13.3 దగ్గర కలిపి, 12.8 కిందికి వస్తే విడగొడుతుంది. రెండు వైపులా బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తా. చాలా ఏళ్ళ కిందట ముత్తుకూరు వైపునుంచి ఒకాయన ఇట్టాంటి జీపే తెచ్చాడు. డయోడ్లు మార్చి, గ్యారంటీ అని పంపా. ఇరవై రోజుల్లో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మార్చా, నా ఖర్చే. మూడోసారి వచ్చి, పోతూ పోతూ "యాక్సిలరేటర్ కేబులు కూడా బిర్రుగా ఉండాది, అది కూడా చూడన్నా" అన్నాడు. కేబులు లాగితే పైన ప్లాస్టిక్ తొడుగు కరిగి అతుక్కుపోయి ఉంది. అప్పుడు తట్టింది. ఇంజను దించి ఎక్కించినప్పుడు ఎవరో ఇంజనుకీ చాసీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ బిగించడం మర్చిపోయారు. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటుల మీద. సెల్ఫ్ కరెంటూ ఛార్జింగ్ కరెంటూ దారిలేక ఆ సన్న కేబులు గుండా తిరిగి వస్తున్నాయి. గతుకుల్లో ఇంజను ఊగినప్పుడల్లా అంటుకుంటూ విడిపోతూ డయోడ్లని కొడుతున్నాయి. రెండుసార్లు ఆల్టర్నేటర్ విప్పినవాణ్ణి, ఒక్కసారి కూడా బండి కిందికి దూరి చూడలేదు. ఆ పట్టీ ఖరీదు రెండు కాఫీలంత.

కాబట్టి నువ్వు కొనాల్సింది ముందు ఒక మల్టీమీటరు. ఇంజను 1,500 మీద, లైట్లన్నీ వేసి, మీటరు డీసీలో పెట్టు. ఒక ముల్లు ఆల్టర్నేటర్ లావు బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ కొమ్ము మీద. క్లాంపు మీద కాదు, కొమ్ము మీదే. 0.2 వోల్టు లోపు రావాలి. తర్వాత ఆల్టర్నేటర్ ఒంటి మీద ఒకటి, బ్యాటరీ మైనస్ కొమ్ము మీద ఒకటి. ఇక్కడ 0.1, మహా అయితే 0.2. ఎక్కువొస్తే ఆ దారిలో ఎక్కడో వైరు సన్నం, లేకపోతే తుప్పు. నీ పాత వైరు 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) అనుకుంటే, మూడు మీటర్ల పొడవులో 40 ఆంపియర్లకి 0.37 వోల్టు వైరులోనే పోతుంది. 16 స్క్వేర్ వేస్తే 0.14కి దిగుతుంది. ఉప్పుగాలి తగిలే బండి కాబట్టి తగరం పూత ఉన్న లగ్గులు (వైరు కొసకి బిగించే రింగులు), క్రింపింగ్ చేసి, పైన జిగురుండే స్లీవు వేడిచేసి తొడిగించు. ఊరికే మెలిపెట్టి టేపు చుడితే ఆరు నెలల్లో లోపల పచ్చగా పొడైపోతుంది.

అదే మీటరు ఏసీలో పెట్టి బ్యాటరీ మీద చూడు. మంచి ఆల్టర్నేటర్‌కి 0.1 కూడా రాదు. 0.5 దాటితే డయోడు పోయినట్టే. క్లాంప్ మీటరు కొంటే డీసీ కొలిచేదే అడుగు. చవకవి చాలావరకు ఏసీవే, బండి వైరుకి తగిలిస్తే సున్నా చూపిస్తాయి. సున్నా చూసి ఛార్జింగ్ లేదని మంచి ఆల్టర్నేటర్లు విప్పినవాళ్ళని చూశాను.

డూప్లికేట్ మాటకొస్తే, మార్కెట్లో లేకపోలేదు. కానీ ఒరిజినల్ అయినా పైన చెప్పిన నాలుగు కారణాల్లో దేనికీ తట్టుకోదు. కాస్త ఆలస్యంగా పోతుంది, అంతే తేడా. ఎక్కువ ఆంపియర్లది కావాలనుకుంటే నీ ఇంజనుకే సరిపోయే, వెనక వాక్యూమ్ పంపుతో వచ్చే పెద్దది ఉందేమో కనుక్కొని, పుల్లీ వరస స్కేలు పెట్టి చూసి బిగించు. లేపిన బ్రాకెట్టు మీద బెల్టు పక్కకి లాగుతుంటే ముందు బేరింగు అరుస్తుంది. బెల్టు మరీ బిర్రుగా వేసినా అంతే. హాలోజన్ల స్థానంలో ఎల్‌ఈడీలు వేస్తే పదికి పైగా ఆంపియర్లు అక్కడే మిగులుతాయి, పెద్ద ఆల్టర్నేటర్ అవసరమే రాకపోవచ్చు.

కడిగే విషయం మర్చిపోతున్నా. గుంటల కాడినుంచి వచ్చిన బండిని ఆ గట్టు మీది బోరు నీళ్ళతోనే ప్రెషరు పెట్టి కొట్టిస్తున్నావు. సముద్రం దగ్గర ఆ బోర్లలో వచ్చేది కూడా ఉప్పునీళ్ళే. వేడిగా ఉన్న ఆల్టర్నేటర్ మీద పడితే బేరింగు సీలు లోపలికి లాక్కుంటుంది. ఇంటికి పోయి, చల్లారనిచ్చి, మంచినీళ్ళు మగ్గుతో పోసి, ఇంజను పావుగంట తిప్పి ఆరనివ్వు.

ముందు ఆ మొదటిది బల్ల మీద తిప్పించి ఎన్ని వోల్టులు వచ్చిందో ఇక్కడ రాయి. నాలుగోదాని స్టేటర్ ఫొటో వెలుతురులో తీసి పెట్టు, మూడు గుంపులూ కనపడాలి. మూడోది కడగొద్దు, ఆ జావ అట్టాగే ఉండనీ.